నీళ్ళు తీశాక వచ్చేవాళ్ళ గురించి

విజయవాడ పాయకాపురం కుర్రాడు ఒకరు అడిగిన ప్రశ్న ఇది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద మీదపడినప్పుడు ఆయన, స్నేహితులు కలిసి పది రోజులు పడవల్లో అన్నం పొట్లాలు పంచారు. నీళ్ళు తీశాక నెలన్నరకు ఒకావిడ వీధిలోకి వచ్చి, వేరే రాష్ట్రంలో బట్టల కంపెనీలో పని ఉందని ముగ్గురు అమ్మాయిల్ని తీసుకెళ్ళింది. ఇద్దరు తిరిగొచ్చారు, ఏం జరిగిందో చెప్పరు. మూడో అమ్మాయి ఎప్పుడైనా ఫోన్ చేసినా, పక్కన ఎవరో నిలబడి వింటున్నట్టు మాట్లాడుతుంది. "వరదప్పుడు మేం ఎక్కడ పొరపాటు చేశాం? మళ్ళీ వస్తే ఏం చేయాలి?" అని ఆయన అడుగుతున్నారు.

బాబూ, మళ్ళీ వస్తే ఏం చేయాలో తర్వాత చెప్తాను. ముందు ఆ మూడో అమ్మాయి సంగతి చూడండి.

రేపు పొద్దున్నే వాళ్ళమ్మను వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళండి. వెళ్ళే ముందు ఒక తెల్లకాగితం మీద వివరాలన్నీ రాసుకోండి. అమ్మాయి ఇంట్లోంచి వెళ్ళిన తేదీ, అప్పటికి ఆమె వయసు, తీసుకెళ్ళినావిడ పేరు, ఫోన్ నంబరు, అమ్మాయి ఏ నంబర్ల నుంచి ఎప్పుడెప్పుడు ఫోన్ చేసిందీ ఉండాలి. టెన్త్ మార్కుల లిస్టు ఉంటే జిరాక్స్ తీసుకెళ్ళండి. తీసుకెళ్ళేటప్పుడు ఇంట్లోవాళ్ళకు అడ్వాన్స్ ఏమైనా ఇచ్చి ఉంటే ఎంత ఇచ్చారు, చేతికిచ్చారా, ఫోన్‌పేలో వేశారా అన్నది కూడా రాయండి. ఫోన్‌పేలో వేసి ఉంటే మీ అదృష్టం. ఆ ఖాతా పట్టుకుంటే మనిషి దొరుకుతాడు.

స్టేషన్‌లో మీకు రెండు మాటలు వినబడొచ్చు. "ఇష్టపడే వెళ్ళింది కదమ్మా" అనేది ఒకటి. "ఏదో ప్రేమ వ్యవహారం అయ్యుంటుంది, నాలుగు రోజులు ఆగండి" అనేది రెండోది. ఈ రెండో మాట చెప్పి ఒక తల్లిని నా కళ్ళముందే వెనక్కి పంపారు. ఆ నాలుగు రోజుల్లో ఆ పిల్ల మూడు రాష్ట్రాలు దాటింది.

మొదటి మాటకు జవాబు భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షన్‌లో ఉంది. దోపిడీ కోసం ఒక మనిషిని బెదిరించి గానీ, మోసం చేసి గానీ, ఆశ చూపి గానీ, ఆ మనిషి మీద అధికారం ఉన్నవాళ్ళకు డబ్బిచ్చి గానీ తీసుకెళ్తే అది అక్రమ రవాణాయే. బాధితురాలు ఒప్పుకుందా లేదా అన్నది లెక్కలోకి రాదని ఆ సెక్షన్‌లోనే రాసి ఉంది. 18 ఏళ్ళ లోపు పిల్ల అయితే శిక్ష కనీసం పదేళ్ళు, యావజ్జీవం దాకా పడొచ్చు. ఒకరికన్నా ఎక్కువ మంది పిల్లలైతే కనీసం 14 ఏళ్ళు. రెండో మాటకు జవాబు 2013లో సుప్రీంకోర్టే ఇచ్చింది. పిల్ల కనిపించడం లేదని ఫిర్యాదొస్తే ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే. మా పరిధి కాదంటే, పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా కట్టే జీరో ఎఫ్ఐఆర్ అడగండి. అక్కడా ఇబ్బంది పెడితే 15100కి ఫోన్ చేయండి, అది ఉచిత న్యాయ సేవల నంబరు. "అడ్వాన్స్ తీసుకున్నావు కాబట్టి నువ్వే లోపలికి పోతావు" అని వాళ్ళమ్మను ఎవరో భయపెట్టి ఉంటారు. ఇలాంటి వాళ్ళు తప్పకుండా అంటారు ఆ మాట. పని అని నమ్మి మోసపోయిన తల్లి బాధితురాలే అని ఆవిడకు అర్థమయ్యేలా చెప్పండి. లేకపోతే సగం దారిలో వెనక్కి తిరుగుతుంది.

అమ్మాయి మళ్ళీ ఫోన్ చేస్తే ఫిర్యాదు మాట ఎత్తొద్దు. ఎక్కడున్నావు, ఎవరున్నారు అని కూడా అడగొద్దు. అవును, లేదు అని జవాబిచ్చేలా అడగమనండి. ఆధార్ నీ దగ్గరే ఉందా? బయటికి వెళ్ళనిస్తారా? పోయిన నెల చెప్పిన ఊళ్ళోనే ఉన్నావా? పక్కనున్నవాళ్ళకు "ఊఁ", "లేదమ్మా" తప్ప ఏమీ వినబడదు. ఇక తిరిగొచ్చిన ఇద్దరికీ ఆ చోటు తెలుసు. మీరు, మీ స్నేహితులు వెళ్ళి అడిగితే మాత్రం చెప్పరు. మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, ఆపదలో ఉన్న ఆడవాళ్ళకు సాయం చేసే సఖి కేంద్రానికి కలుపుతారు. అక్కడ ఆడవాళ్ళే కూర్చుని, అవసరమైతే నాలుగైదుసార్లు మాట్లాడతారు. చెప్పడం లేదంటే ఏమీ జరగలేదనుకోకండి.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. నేను ఇరవై రెండేళ్ళు పిల్లల రక్షణ పనిలో ఉన్నాను, అందులో మూడేళ్ళు బాలల సంక్షేమ సమితి సభ్యురాలిగా చేశాను. వరద టైములో మీరు పెద్దగా పొరపాటేమీ చేయలేదు. ఆ పది రోజులు సింగ్ నగర్, కండ్రిక, రాజరాజేశ్వరీపేట అంతటా పడవలు, డ్రోన్లు, టీవీ కెమెరాలు, పోలీసులు. అంతమంది కళ్ళముందు పిల్లను తీసుకెళ్ళడానికి బ్రోకరేం పిచ్చివాడు కాదు. వాడు బురద ఎండే దాకా ఆగుతాడు. పడవలు పోవాలి, మీరు పోవాలి, ఇంటి ఓనరు అద్దె అడగడం మొదలుపెట్టాలి. అప్పుడొస్తాడు. చాలాసార్లు "వాడు" కూడా కాదు, "ఆవిడ". మీ వీధికి వచ్చినావిడ ముగ్గురిలో ఒకరికి వరసకు పిన్నో, అత్తో, పాత పక్కింటావిడో అయ్యుంటుందని నా అనుమానం. ముక్కూ ముఖం తెలియని మనిషి చేతిలో ఆడపిల్లను ఎవరూ పెట్టరు. మనం పోస్టర్ల మీద నల్ల ముసుగు వేసుకున్న మగాడి బొమ్మ వేస్తాం. అమ్మలేమో పసుపు రాసుకున్న పాదాలతో, చేతిలో అరటిపళ్ళతో వచ్చిన మనిషిని లోపలికి పిలిచి టీ ఇస్తారు.

కాబట్టి మీరు కాపలా కాయాల్సింది నీళ్ళు తగ్గిన మూడో వారం నుంచి ఆరో నెల దాకా. కాయాల్సింది అప్పుని.

సింగ్ నగర్‌లో ఒక ఇల్లు ఊహించుకోండి. మనిషికి ఆటో ఉంది, ఫైనాన్స్‌లో తీసుకున్నది. వారం నీళ్ళలో ఉండి ఇంజను పోయింది. కిస్తీ మాత్రం ఆగదు. ఆవిడ కుట్టుమిషను పోయింది, డ్వాక్రా వాయిదా ఉంది. ఫ్రిజ్, మంచాలు, పరుపులు బయట పారేశారు. ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్ మునిగిన ఇంటికి 25,000, పై అంతస్తులకు 10,000 ప్రకటించింది. అద్దెకుండేవాళ్ళలో లిస్టులో పేరు లేదని సచివాలయం చుట్టూ తిరిగినవాళ్ళను మీరూ చూసే ఉంటారు. ఆ తిరుగుళ్ళ మధ్య ఒకావిడ వచ్చి పది, పదిహేను వేలు చేతిలో పెట్టి, "పిల్ల నెలకు పంపిస్తుందిలే వదినా, తిండీ రూమూ కంపెనీవే" అంటుంది. కాదనడం తేలికా? ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడని సామెత. ఈ మనిషి మాత్రం నీళ్ళ బిందెతో వచ్చినట్టే కనబడుతుంది.

అప్పుకీ ఆడవాళ్ళ మీద దోపిడీకీ ఉన్న ముడి మన ఊరికి కొత్త కాదు. 2015 డిసెంబరులో బెజవాడ కాల్ మనీ (అడిగిన వెంటనే ఇచ్చే అధిక వడ్డీ అప్పుల) కేసులు బయటపడినప్పుడు, బాకీ తీర్చలేని ఆడవాళ్ళను ఏ దారి పట్టించారన్న ఆరోపణలు వచ్చాయో పేపర్లన్నీ రాశాయి. అప్పుడు వరదేమీ లేదు. వరదొస్తే అలాంటి అప్పు వెయ్యి ఇళ్ళలోకి ఒక్క రాత్రిలో వచ్చేస్తుంది.

అందుకే మీ కుర్రాళ్ళ బృందం నన్నడిగితే, అన్నం పొట్లాలు పంచడం పన్నెండో రోజు ఆపేసి కాగితాల పని మొదలుపెట్టమంటాను. తడిసిపోయిన ఆధార్, రేషన్ కార్డు, బ్యాంక్ పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్లు ఎవరివి పోయాయో ఇంటింటికీ తిరిగి రాయండి. సచివాలయంలో వాటికి దరఖాస్తు పెట్టించండి. పరిహారం లిస్టులో పేరు లేనివాళ్ళ అర్జీలు మీరే రాసిపెట్టండి, మీ అందరికీ చదువొచ్చు కదా. ఆటో కిస్తీలు వాయిదా వేయమని నలుగురైదుగురిని కలిపి బ్యాంకుకు, ఫైనాన్స్ ఆఫీసుకు తీసుకెళ్ళండి. ఒక్కడే వెళ్తే గుమ్మంలోంచే పంపేస్తారు. పదిమంది వెళ్తే మేనేజరు కూర్చోమంటాడు. ఇదంతా మనుషుల రవాణాకు సంబంధించిన పనిలా కనబడదు, ఎవరూ ఫొటో కూడా తీయరు. కొవ్వొత్తుల ర్యాలీకి, ఫ్లెక్సీకి పెట్టే డబ్బుతో జిరాక్స్ మిషను అద్దెకు తెచ్చుకోవడమే మేలని నా అభిప్రాయం.

బడి కూడా అంతే ముఖ్యం. పునరావాస కేంద్రాలు స్కూళ్ళలోనే పెడతారు కాబట్టి బడి మూతపడుతుంది. తెరిచాక మొదటి వారంలో ఎవరు రాలేదో టీచర్‌ని అడిగి పేర్లు రాసుకోండి. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల ఆడపిల్లలు పది రోజులు వరసగా రాకపోతే ఇంటికి వెళ్ళండి. "ఊరెళ్ళింది" అంటే ఏ ఊరో, ఎవరింటికో అడగండి. కొన్ని ఇళ్ళలో కట్నం అడగని సంబంధం దొరికిందని చెప్తారు. పెళ్ళికొడుకుది వేరే రాష్ట్రం, ఖర్చంతా వాళ్ళదే, వారంలో ముహూర్తం. ఇంట్లో పెళ్ళి కోసం దాచిన బంగారం బురదలో పోయినప్పుడు ఇలాంటి సంబంధం దేవుడు పంపినట్టే ఉంటుంది. పిల్లకు 18 నిండకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. నిండినా సరే, అబ్బాయి ఊరికి మనవాళ్ళెవరైనా వెళ్ళి చూసొచ్చారా అని అడగండి.

ఇక పని ఇప్పిస్తామని వచ్చేవాళ్ళ సంగతి. వాళ్ళందరూ దొంగలు కారు. మన వాళ్ళు పనికి బయటికెళ్ళకుండా ఆపడం మీ పని కాదు, ఆపితే మీ మాట మళ్ళీ ఎవరూ వినరు. వెళ్ళనివ్వండి, ఆనవాళ్ళు పెట్టుకుని పంపండి. తీసుకెళ్ళే మనిషిని అమ్మాయి, తల్లి పక్కన నిలబెట్టి ఒక ఫొటో తీసుకోండి. ఆధార్ ఫొటో, బండి నంబరు, కంపెనీ చిరునామా తీసుకుని వార్డు సచివాలయంలో మహిళా పోలీస్‌కి, పట్టణ పొదుపు సంఘాలను చూసే మెప్మా ఆర్పీకి వాట్సాప్ చేస్తున్నామని ఆ మనిషి ముందే చెప్పండి. నిజంగా పని ఇప్పించేవాళ్ళు విసుక్కున్నా ఇస్తారు. తప్పుడు మనిషి "నన్ను అనుమానిస్తారా" అని గొడవపడి, సాయంత్రానికి వీధి మారుస్తాడు. పైసా ఖర్చు లేని ఈ ఫొటో ఆపినన్ని ప్రయాణాలు నేను చూసిన ఏ మీటింగూ ఆపలేదు.

అమ్మాయికి మూడు సంగతులు నేర్పి పంపండి. అమ్మ నంబరు నోటికి రావాలి, ఎందుకంటే ముందు లాక్కునేది ఫోనే. ఆధార్ ఒరిజినల్ ఎవరి చేతికీ ఇవ్వకూడదు. మూడోది, ఇంట్లోవాళ్ళకు మాత్రమే తెలిసిన ఒక మాట పెట్టుకోవాలి. ఒక అమ్మాయి ఫోన్లో "అమ్మమ్మకు మోకాళ్ళ నొప్పులు తగ్గాయా?" అని అడిగింది. అమ్మమ్మ పోయి ఆరేళ్ళయింది. ఆ ఒక్క ప్రశ్నతో వాళ్ళ నాన్న లేచి స్టేషన్‌కి పరిగెత్తాడు. గల్ఫ్ పనికైతే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూడండి. విజిట్ వీసా మీద పనికి పంపుతానంటే అక్కడితో మాట ఆపేయండి.

వరద జరుగుతున్నప్పుడు, కేంద్రాల్లో చేయాల్సిన పని ఒకటుంది. 2009 అక్టోబరులో కృష్ణకు పెద్ద వరదొచ్చినప్పుడు కరకట్ట కింద ఇళ్ళవాళ్ళను ఒక స్కూల్లో పెట్టారు. మూడో రోజు సాయంత్రం ఒక పెద్దాయన వచ్చి ఇద్దరు అన్నదమ్ముల్ని తీసుకెళ్తానన్నాడు. వాళ్ళ తాతనన్నాడు. పేర్లు చెప్పాడు. వాలంటీరు అప్పటికే పిల్లల చెప్పులు వెతుకుతున్నాడు. పేర్లు మేం మైకులో పొద్దుటినుంచీ పిలుస్తూనే ఉన్నాం, గేటు బయటున్న వాళ్ళకు కూడా తెలుసు. నాకెందుకో చిన్నవాడు నా చీర కుచ్చిళ్ళు వదలకపోవడం చూసి, "పెద్దాడిని ఇంట్లో ఏమని పిలుస్తారు?" అని అడిగాను. ఆయన మళ్ళీ అసలు పేరే చెప్పాడు. పిల్లాడు మాత్రం "నన్ను బుజ్జులు అంటారు" అని గొణిగాడు. తల్లిని తీసుకుని రమ్మన్నాం. సరేనని వెళ్ళిన మనిషి మళ్ళీ రాలేదు. తల్లి రెండు రోజుల తర్వాత ఆసుపత్రి నుంచి వచ్చింది, వాళ్ళకు తాత లేడంది.

అప్పటి నుంచి నేను చెప్పే రిజిస్టరు ఒక్కటే. రెండొందల పేజీల లాంగ్ నోట్‌బుక్. ప్రతి మనిషి పేరు, ఎవరితో వచ్చారు, ఏ వీధి, వెళ్ళేటప్పుడు ఎవరితో వెళ్ళారు, తీసుకెళ్ళినవాళ్ళ సంతకం, ఫోన్. పిల్లలకు ముద్దుపేరు, పుట్టుమచ్చ అదనం. ఈ రెండూ మైకులో చదవకూడదు. రాత్రి ఎనిమిదికి, పొద్దున ఆరుకు తలలు లెక్కపెట్టాలి. పిల్లను అప్పగించేటప్పుడు ఇద్దరు వాలంటీర్లు ఉండాలి, అందులో ఒక ఆడమనిషి తప్పనిసరి. బాత్రూముల దారిలో లైటు ఉండాలి. కరెంటు లేకపోతే టార్చి, పక్కన ఇంకో ఆడమనిషి. టీషర్టు వేసుకున్న ప్రతివాడూ వాలంటీరు కాదు, మీ బృందం సహా. కాబట్టి మీ పేర్లు కూడా తహశీల్దారు ఆఫీసులో ఇచ్చి కార్డులు తీసుకోండి.

తోడెవరూ లేని పిల్ల కనబడితే 24 గంటల్లోగా 1098కో, పోలీసులకో, బాలల సంక్షేమ సమితికో చెప్పాలని 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రతి మనిషికీ బాధ్యత పెట్టింది. మంచి మనసుతోనే అయినా ఇంటికి తీసుకెళ్ళి పెంచుకోకూడదు. "హాస్టల్లో ఉచితంగా చదివిస్తాం" అని వ్యానేసుకుని వచ్చేవాళ్ళను ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ చూపించమనండి. పిల్ల ఫొటో పెట్టి "ఈ పాపకు ఎవరూ లేరు, దయగలవారు దత్తత తీసుకోండి" అని వాట్సాప్ గ్రూపులో వేయడం లాంటి ప్రమాదం ఇంకోటి లేదు. 2021లో కరోనా రెండో వేవ్‌లో ఇలాంటి మెసేజీలు దేశమంతా తిరిగాయి. ఇలా ఎవరూ లేని పిల్లల దత్తత, కేంద్ర ప్రభుత్వ దత్తత సంస్థ 'కారా' ద్వారా తప్ప జరగడానికి వీల్లేదు. అనాథ అన్న మాట కూడా తొందరపడి వాడకండి. 2010లో హైతీ భూకంపం తర్వాత పదిమంది అమెరికన్లు 33 మంది పిల్లల్ని అనాథలంటూ సరిహద్దు దాటించబోయి పట్టుబడ్డారు. తీరా చూస్తే ఆ పిల్లల్లో చాలామందికి తల్లిదండ్రులు బతికే ఉన్నారు. పిల్లలకు మేలు జరుగుతుందని చెప్తే వాళ్ళే పంపించారు.

మన లిస్టుల్లో లేనివాళ్ళ గురించి కూడా ఒక మాట. ఇటుక బట్టీల్లో ఒడిశా కుటుంబాలు, గుంటూరు వైపు మిరపకోతలకు వచ్చే కర్నూలు వాళ్ళు, అపార్ట్‌మెంట్ సైట్ల దగ్గర రేకుల షెడ్లలో ఉండేవాళ్ళు. వాళ్ళకు ఇక్కడ ఓటు లేదు, రేషన్ లేదు, కొందరికి తెలుగు రాదు. బట్టీ మునిగితే మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్స్ మాత్రం మునగదు. దాన్ని చూపించి కుటుంబాన్ని మొత్తం ఇంకో యజమానికి అప్పజెప్పేస్తారు. దాన్ని వెట్టిచాకిరీ అంటారు, 1976 నుంచీ చట్టం ప్రకారం నేరం. కలెక్టరుకు గానీ ఆర్డీఓకు గానీ చెప్తే విడుదల సర్టిఫికెట్ ఇవ్వాలి, ఆ అప్పు చెల్లదు. మీ పడవ మెయిన్ రోడ్డు ఇళ్ళ దగ్గరే తిరిగొచ్చేయకుండా ఆ షెడ్ల దాకా వెళ్ళాలి.

బెజవాడ జంక్షన్ సంగతి మీకు తెలిసిందే. చెన్నై, హైదరాబాద్, విశాఖ దారులన్నీ ఇక్కడే కలుస్తాయి. రాత్రి ఇక్కడ రైలెక్కిన పిల్ల తెల్లారేసరికి చెన్నైలో ఉంటుంది. వరద తర్వాతి నెలల్లో మీలో ఇద్దరు ముగ్గురు స్టేషన్‌లో ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్ళతో, అక్కడ పిల్లల హెల్ప్ డెస్క్ వాళ్ళతో పరిచయం పెట్టుకుంటే చాలు. బోగీల్లోకి వెళ్ళి మీరే ఎవరినీ పట్టుకోవద్దు. రైల్లో అనుమానం వస్తే 139, బస్టాండులో అయితే 112.

న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్‌లో ఉచితంగా లాయరు ఎవరెవరికి ఇవ్వాలో ఒక వరస ఉంటుంది. మనుషుల అక్రమ రవాణా బాధితులు, వరద బాధితులు ఇద్దరూ ఆ వరసలో ఉన్నారు. మీ మూడో అమ్మాయికి రెండు అర్హతలూ ఉన్నట్టే. కేసు నడిచేటప్పుడు, పరిహారం అడిగేటప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

ఆమె తిరిగొచ్చే రోజు వీధి మొగలో గుంపు లేకుండా చూడండి. "ఎక్కడికెళ్ళావే, ఏం చేశారే" అని అడిగేవాళ్ళను మీరే పక్కకు పిలిచి మాట్లాడండి, ముఖ్యంగా మీ వయసు మగపిల్లల్ని. పోలీసు జీపు ఇంటి ముందు దాకా రాకుండా, మఫ్టీలో ఆడకానిస్టేబుల్ తీసుకురావాలని ముందే అడగొచ్చు. ఓపెన్ స్కూల్ అప్లికేషన్ ఒకటి తెచ్చి వాళ్ళమ్మ దగ్గర పెట్టి ఉంచండి. మొదటి వారం ఇవ్వొద్దు, అమ్మాయి అడిగినప్పుడు ఇవ్వండి.